డల్లాస్‌కి ఎన్ని గంటలు?

ఈమధ్య నలుగురు ఆడవాళ్ళం ఏ పేరంటంలో కలుసుకున్నా వినిపించే ప్రశ్న ఒకటుంది. "మీ అమ్మాయి ఎక్కడుందండీ?" "డల్లాస్‌లో." "అబ్బో! ఎన్ని గంటల ప్రయాణం?" ఇక అక్కణ్ణుంచి తలా ఒక లెక్క. ఒకావిడ 16 గంటలంటారు. ఇంకొకావిడ కాదు కాదు, 22 అంటారు. మొన్ననే వెళ్ళొచ్చిన పిన్నిగారు మాత్రం చెయ్యి ఊపేస్తూ, "ఏం పదహారు, ఏం ఇరవై రెండు! మా గుమ్మం దిగింది మొదలు వాళ్ళ గుమ్మం ఎక్కేదాకా ఒకటిన్నర రోజు పట్టింది నాకు" అంటారు. తమాషా ఏమిటంటే ముగ్గురూ చెప్పేది నిజమే!

ఇదేదో ఊసుపోక వేసుకునే లెక్క అనుకోకండి. అక్కడ అమ్మాయికి నెలలు నిండుతుంటే మీరు ఎప్పుడు బయల్దేరాలి? ఇక్కడ ఇంట్లో పెద్దవాళ్ళకి ఏదైనా జరిగితే అబ్బాయి కోసం ఎంతసేపు ఆగాలి? రెండింటికీ జవాబు ఈ గంటల లెక్కలోనే ఉంది. అందుకని ఈ వారం గరిటె కాసేపు పక్కన పెట్టి కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. వాటితోపాటు ఒక బత్తాయిపండు, జానెడు దారం కూడా.

బత్తాయిపండు మీద ప్రపంచం

బత్తాయిని తొడిమ పైకి వచ్చేలా పట్టుకోండి. తొడిమ ఉన్నచోటు ఉత్తర ధ్రువం. పండు నడుము చుట్టూ ఒక గీత ఊహించుకుంటే అది భూమధ్యరేఖ. నడుముకి కాస్త పైన కుంకుమతో ఒక చుక్క పెట్టండి. అది మన శంషాబాద్ విమానాశ్రయం. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఇప్పుడు పండుని వెనక్కి తిప్పి, అవతలివైపు, నడుముకి ఇంకొంచెం పైగా మరో చుక్క పెట్టండి. అది డల్లాస్. 33 డిగ్రీల ఉత్తరం, 97 డిగ్రీల పడమర. మన 78, వాళ్ళ 97 కలిపితే 175. భూగోళానికి సరిగ్గా అవతలి పక్క అంటే 180. ఐదు డిగ్రీలే తేడా! మనకి మిట్టమధ్యాహ్నమైనప్పుడు వాళ్ళకి నడిరాత్రి ఎందుకవుతుందో పండు చూస్తేనే తెలిసిపోతుంది.

ఇప్పుడు రెండు చుక్కల మధ్య దారాన్ని బిగుతుగా లాగి పట్టుకోండి. ఎటునుంచి వెళ్ళింది? పక్కనుంచి వెళ్ళలేదు కదూ! నెత్తిమీదుగా, తొడిమకి ఆనుకుని వెళ్ళింది. పిల్లల గది గోడమీద ఉండే మ్యాపు చూస్తే మనకి అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం దాటుకుంటూ పడమరకి పోవాలనిపిస్తుంది. అలా అడ్డంగా పోతే 17,000 కిలోమీటర్లు దాటుతుంది. దారం చూపించిన దారి సుమారు 14,400 కిలోమీటర్లే. ఉత్తర ధ్రువానికి దాదాపు 500 కిలోమీటర్ల దగ్గర్లోంచి పోతుంది. అమెరికా మనకి పడమట ఉందని చిన్నప్పటినుంచీ చదువుకున్నాం. నిజానికి డల్లాస్ మనకి ఉత్తరాన, హిమాలయాల అవతల, మంచు సముద్రం అవతల ఉందన్నమాట!

పెద్ద జెట్ విమానం గంటకి సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 14,400ని 900తో భాగిస్తే 16. మొదటావిడ చెప్పిన లెక్క ఇదే. దారం లెక్క.

కానీ ఆ దారం వెంట మనల్ని తీసుకుపోయే విమానం లేదు. హైదరాబాదు నుంచి డల్లాస్‌కి నేరుగా విమానం ఇంతవరకూ పడలేదు. విమానాలకి అంత దూరం ఎగిరే శక్తి లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని ఎక్కడా ఆగకుండా దాదాపు 19 గంటల్లో పోయే విమానం 2020 నవంబరు నుంచి నడుస్తోంది. మరి మనకెందుకు లేదంటే, అంత దూరం పోయే విమానం దండిగా ఇంధనం మోసుకుపోవాలి. బోయింగ్ 777 పెద్దరకం విమానం ట్యాంకులో సుమారు 1,81,000 లీటర్లు పడుతుంది. మన వీధికి వచ్చే పదివేల లీటర్ల నీళ్ళ ట్యాంకర్లు పద్ధెనిమిది వరసగా నిలబెట్టినంత! ఆ ఖర్చు గిట్టాలంటే ఏడాది పొడుగునా అన్ని తరగతుల సీట్లూ నిండాలి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి షికాగోకి నేరుగా విమానం మొదలుపెట్టింది గానీ అది నిలవలేదు.

అన్నట్టు, ఆ నెలలోనే మనం మురిసిపోవలసిన సంగతి మరొకటి జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకి ఎయిర్ ఇండియా విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా నడుపుకొచ్చింది నలుగురూ ఆడవాళ్ళే! కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివాని మన్హాస్. జనవరి 9 రాత్రి అక్కడ బయల్దేరి 11 తెల్లవారుజామున ఇక్కడ దిగారు. రెండు రోజులు పట్టిందనుకునేరు, పట్టింది 17 గంటలే. మధ్యలో ఉన్న పదో తారీకు గడియారాల తేడాలో కలిసిపోయింది.

గడియారం చెప్పే అబద్ధం

ఆ తేడా గురించే ఇప్పుడు చెప్పుకోవాలి. టికెట్ మీద రాసిన టైములు చూసి మోసపోయేది ఇక్కడే.

మనవాళ్ళలో చాలామంది దుబాయి మీదుగానో, దోహా మీదుగానో, ఢిల్లీ, లండన్ల మీదుగానో పోతారు. దుబాయి దారి తీసుకుందాం. శంషాబాద్ నుంచి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి డల్లాస్ 12,900. మొత్తం 15,450. చూశారా, దారం లెక్కకంటే ఎక్కువైంది వెయ్యి కిలోమీటర్లే. దూరంలో పెద్దగా నష్టపోలేదు. నష్టపోయేదంతా సమయంలోనే.

ఉదాహరణకి చలికాలంలో ఒక రాత్రి 10 గంటలకి మీ విమానం శంషాబాద్‌లో లేచిందనుకోండి. నాలుగు గంటలకి దుబాయి చేరుతుంది. మన గడియారంలో తెల్లవారుజాము 2. దుబాయి మనకంటే గంటన్నర వెనక కాబట్టి అక్కడ 12:30. రెండున్నర గంటలు కూర్చుని అక్కడి టైము 3కి రెండో విమానం ఎక్కుతారు. 16 గంటలు ఎగిరి డల్లాస్‌లో దిగేసరికి అక్కడ ఉదయం 9. రాత్రి పదికి ఎక్కి పొద్దున్న తొమ్మిదికి దిగాం, అంటే 11 గంటలే కదా అనిపిస్తుంది! కానీ మన ఇంటి గోడ గడియారంలో అప్పుడు మర్నాడు రాత్రి 8:30. గడిచింది 22 గంటల 30 నిమిషాలు. రెండో ఆవిడ చెప్పింది ఈ లెక్క.

డల్లాస్ చలికాలంలో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారాల్ని గంట ముందుకి తిప్పుకుంటారు. నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి. ఆ మధ్యకాలంలో తేడా పదిన్నర గంటలే. అందుకని నేను చెప్పేదొక్కటే. బయల్దేరేటప్పుడు రెండు వాచీలు పెట్టుకెళ్ళండి. ఒకదాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకండి. అది మన టైములోనే నడవనివ్వండి. సెల్‌ఫోను దిగిన ప్రతిచోటా తనంతట తనే టైము మార్చేసుకుంటుంది. దాన్ని చూసి బి.పి. మాత్రలు వేసుకునేవాళ్ళు ఒకటికి రెండు వేసుకోవడమో, అసలు మానేయడమో జరుగుతుంది. పాత వాచీ ఆ పని చేయదు.

ఇక పిన్నిగారి లెక్క. ఆవిడ విజయవాడ మనిషి. అక్కణ్ణుంచి శంషాబాద్ కారులో ఐదారు గంటలు. విమానానికి మూడున్నర గంటలు ముందుండాలి. అంటే రాత్రి 10 విమానానికి మధ్యాహ్నం 12కల్లా గుమ్మం దిగాలి. డల్లాస్‌లో దిగాక ఇమ్మిగ్రేషను వరస, సామాన్లు, కారు ప్రయాణం కలిపి ఇంకో రెండున్నర గంటలు. మొత్తం ఎంతయింది? 35 గంటలు! మీ ఊరు టెక్కలో, ఆదోనో, ఆదిలాబాదో అయితే ఇంకా కలుపుకోవాలి. దారం 16, టికెట్ 22న్నర, గుమ్మానికి గుమ్మం 35. మీ ఊరినుంచి మీ అమ్మాయి ఊరికి ఈ మూడో అంకె ఎంతో వేసుకుని క్యాలెండరు వెనక రాసి పెట్టుకోండి. మనకి పనికొచ్చేది అదే.

తిరుగు ప్రయాణంలో డల్లాస్ నుంచి దుబాయికి గంట, గంటన్నర తక్కువ పడుతుంది. పైన, పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున, పడమటినుంచి తూర్పుకి బలమైన గాలులు వీస్తుంటాయి. పోయేటప్పుడు వాటిని తప్పించుకోవడానికి విమానం ఉత్తరానికి ఎక్కుతుంది. వచ్చేటప్పుడు వాటినే వెనకనుంచి తోడు తెచ్చుకుంటుంది. గోదావరిలో ఎదురు పడవకీ వాలు పడవకీ ఉన్న తేడాయే!

ఇంకొక మాట. ఆకాశంలో దారులు కూడా మూసుకుపోతుంటాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా పోయే విమానాలు కొన్ని మధ్యలో ఐరోపాలో దిగి ఇంధనం పోయించుకోవలసి వచ్చింది. ఆ జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు తన గగనతలం మూసేస్తే దోహా మీదుగా పోవలసిన వేలమంది ఎక్కడివాళ్ళక్కడ చిక్కుకుపోయారు. టికెట్టు కొనేముందు ఆ నెల ఏ దారి ఎలా ఉందో పిల్లల్ని కనుక్కోమనండి. వందో, రెండొందలో డాలర్లు తక్కువ అని మూడు విమానాలు మారే టికెట్టు మాత్రం ఒప్పుకోకండి. ఒంటరిగా పోయే తల్లికి ప్రతి మార్పూ ఒక గండమే.

కాన్పుకి ఎప్పుడు వెళ్ళాలి?

"నొప్పులు రాగానే ఫోన్ చెయ్యవే, బయల్దేరి వస్తాను" అని గుంటూరు నుంచి హైదరాబాదు కూతురితో అనవచ్చు. డల్లాస్ కూతురితో అనలేం. టికెట్టు చేతిలో ఉన్నా 35 గంటలు. మనవడు అంతసేపు ఆగడు!

డాక్టరు చెప్పిన తేదీకి సరిగ్గా పుట్టే పిల్లలు నూటికి ఐదుగురు కూడా ఉండరు. 37 వారాలు నిండాక ఎప్పుడైనా పుట్టవచ్చు. పోనీ అమ్మాయినే ఇక్కడికి తెచ్చుకుందామంటే, 36 వారాలు దాటాక చాలా విమాన సంస్థలు ఎక్కించుకోవు. కవలలైతే ఇంకా ముందే ఆపేస్తారు. కాబట్టి మనం 36, 37 వారాల మధ్య అక్కడ ఉండాలి.

మరి ఇంకా ముందే వెళ్ళి కూర్చుంటే పోలేదా అంటారు కొందరు. ఇక్కడే ఒక చిక్కుంది. విజిటర్ వీసా మీద పోయినవాళ్ళకి అక్కడి అధికారి సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తాడు. ఆ గడువు వీసా వచ్చిన రోజునుంచి కాదు, విమానం దిగిన రోజునుంచి మొదలు. అమెరికాలో మన దగ్గరలాగా జీతంతో 26 వారాల ప్రసూతి సెలవు చట్టం లేదు. 1993లో చేసిన చట్టం ప్రకారం అర్హత ఉన్నవాళ్ళకి 12 వారాల సెలవుంది. అదీ జీతం లేకుండా! కొన్ని కంపెనీలు తమంతట తాము జీతం ఇస్తాయనుకోండి, అది వాళ్ళ దయ.

ఇప్పుడు లెక్క చూడండి. ఆరు నెలలంటే 26 వారాలు. మీరు ఏడో నెల దాటగానే, 31వ వారంలోనే వెళ్ళారనుకోండి. కాన్పుకి ముందే 9 వారాలు ఖర్చయిపోయాయి. అమ్మాయి సెలవు 12 వారాలు. ఇక మిగిలింది 5. బిడ్డకి నాలుగు నెలలు నిండకుండానే మీరు విమానం ఎక్కాలి. అదే 37వ వారంలో వెళితే, ముందు 3, సెలవు 12 పోను ఇంకా 11 వారాలు మిగులుతాయి. అమ్మాయి ఉద్యోగంలో చేరాక, బిడ్డని కొత్త మనిషి చేతిలో పెట్టాల్సిన రోజుల్లో, మీరు అక్కడ ఉంటారు. మొదటి నెల అల్లుడుగారైనా అటూ ఇటూ సర్దుకొస్తారు. అమ్మ అసలు కావలసింది మూడో నెల తర్వాతేనని అక్కడి అమ్మాయిలు చాలామంది చెప్పే మాట. డాక్టరు ముందుగా రమ్మంటే, ఒంట్లో ఇబ్బంది ఉంటే అది వేరే సంగతి. అప్పుడు లెక్కలు చూడకూడదు.

ఇటు రావలసినప్పుడు

ఈ భాగం రాయాలా వద్దా అని తటపటాయించాను. కానీ ఇది రాయకపోతే పైన రాసినదంతా సగమే అవుతుంది.

మావారి మేనత్త ఒక జనవరిలో, మంగళవారం తెల్లవారుజామున 5 గంటలకి విజయవాడలో కన్నుమూశారు. పెద్దకొడుకు డల్లాస్‌లో. అక్కడ అప్పటికింకా సోమవారం సాయంత్రం 5:30. ఫోను వెళ్ళింది. "అన్నయ్య వచ్చేదాకా ఆగుదాం" అన్నాడు చిన్నకొడుకు. ఇంటి పెద్దాయన ఒకరు వేళ్ళు మడిచి, "22 గంటలు. మంచిది, బుధవారం సూర్యాస్తమయంలోపు కార్యక్రమం ముగించవచ్చు" అన్నారు. పురోహితుడికీ అదే కబురు. ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళకీ అదే కబురు.

అతను గుమ్మంలోకి వచ్చేసరికి గురువారం తెల్లవారుజామున 3:30. అతను ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. అక్కడ తర్వాతి విమానం మంగళవారం మధ్యాహ్నానికి గానీ లేదు. మన లెక్కలో మంగళవారం రాత్రి 11:30. అప్పటికే పద్ధెనిమిదిన్నర గంటలు గడిచిపోయాయి. డల్లాస్ నుంచి దుబాయికి పద్నాలుగున్నర, అక్కడ ఎదురుచూపు మూడున్నర, హైదరాబాదుకి మూడున్నర, బయటికి రావడానికి గంట, రోడ్డుమీద ఐదున్నర. మొత్తం 46 గంటల 30 నిమిషాలు. అందులో ఆకాశంలో ఉన్నది 18 గంటలే. మిగతా ఇరవై ఎనిమిదిన్నర గంటలూ నేలమీదే!

బుధవారం మధ్యాహ్నం నుంచి ఇంటినిండా జనం. శవం లేచేదాకా మన ఇళ్ళల్లో పొయ్యి వెలిగించరు కదా! పక్కింటివాళ్ళు తెచ్చిన కాఫీ, ఇడ్లీలు ఎంతమందికి సరిపోతాయి? షుగరున్న పెద్దవాళ్ళు సాయంత్రానికి సోలిపోయారు. "ఇంకెంతసేపమ్మా" అని ఎవరూ పైకి అనలేరు. లోపల అందరూ అనుకుంటూనే ఉన్నారు. రాత్రి 8కి ఒకావిడ "అసలు బయల్దేరాడా?" అననే అన్నారు. ఆ అబ్బాయి అప్పటికి దుబాయి దాటి అరేబియా సముద్రం మీద ఉన్నాడు. ఆ మాట ఆ ఇంట్లో ఇంకా చల్లారలేదు.

మంగళవారం పొద్దున్నే ఎవరైనా కాగితం మీద వరసగా రాసి ఉంటే "గురువారం ఉదయం" అని అందరికీ ఒకే కబురు వెళ్ళేది. ఐస్ బాక్సు రెండు రోజులకి మాట్లాడుకునేవాళ్ళు. దూరపు చుట్టాలు బుధవారం రాత్రికి వచ్చేవాళ్ళు. భోజనాలు వీధి చివర ఇంట్లో ఏర్పాటు చేసేవాళ్ళు. లేదూ, ఆగడం మావల్ల కాదని చిన్నకొడుకు చేత చేయించేవాళ్ళు. అదీ తప్పు కాదు. ఏదైనా తెలిసి చేసేవాళ్ళు.

అందుకని లెక్క ఫోను వెళ్ళిన గంటనుంచి వేయకండి. తర్వాతి విమానం అక్కడ ఎన్ని గంటలకి లేస్తుందన్నది మొదట అడగండి. దానిని మన టైములోకి మార్చుకోండి. అక్కణ్ణుంచి ఒక్కొక్కటీ కలుపుకుంటూ రండి. పిల్లలతో మామూలు రోజుల్లోనే రెండు మాటలు అడిగి ఉంచుకోవడం మంచిది. పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉంది? వీసా స్టాంపు ఉందా, లేదా? ఉద్యోగ వీసా మీద ఉన్న పిల్లలు కొందరికి స్టాంపు గడువు దాటిపోయి ఉంటుంది. వాళ్ళు ఇక్కడికి రాగలరు. మళ్ళీ స్టాంపు పడేదాకా తిరిగి పోలేరు. కొడుకు రాలేదని నలుగురూ నానామాటలు అనేముందు ఆ ఇబ్బంది ఒకటుందని ఇంట్లోవాళ్ళకి తెలిసి ఉండాలి.

ఆ పదహారు గంటలు

ఇక ప్రయాణం సంగతులు కొన్ని. దుబాయి నుంచి డల్లాస్ విమానంలో ముందు సీటు వెనక ఉండే చిన్న టీవీలో మ్యాపు పెట్టుకోండి. సినిమాలకంటే అదే బావుంటుంది. గాలినిబట్టి, ఆ రోజు తెరిచి ఉన్న దారులనిబట్టి విమానం తోవ మారుతుంది గానీ, గ్రీన్‌లాండ్ దగ్గర్లోంచో పైనుంచో పోయి కెనడా మీదుగా కిందికి దిగడం మామూలు. బయట చలి సున్నాకి 50 డిగ్రీలు కింద ఉంటుంది. పగలైతే కిటికీలోంచి గ్రీన్‌లాండ్ మంచు చూడండి. పిండి ఆరబోసిన దుప్పటిలా, ఎక్కడా ఒక ఊరు లేకుండా ఉంటుంది.

అన్ని గంటలు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గంటకో, రెండు గంటలకో ఒకసారి లేచి నడవండి. నడవాపక్క సీటు అడగండి, పక్కవాళ్ళని లేపాలని మొహమాటపడి కూర్చుండిపోకుండా. విమానం లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది. బాత్‌రూముకి వెళ్ళాల్సి వస్తుందని మంచినీళ్ళు మానేస్తారు మన ఆడవాళ్ళు. అది మహా చెడ్డ అలవాటు. మందులన్నీ చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టుకోండి. ఇన్సులిన్ ఎట్టి పరిస్థితిలోనూ కింద సామాన్లలో వేయకండి, గడ్డకట్టి పాడైపోవచ్చు. ఏ మాత్ర ఎన్ని గంటలకి అన్నది బయల్దేరేముందే డాక్టరుగారితో రాయించుకోండి.

పచ్చళ్ళు చేతిసంచిలో వద్దు, సెక్యూరిటీ దగ్గర తీసి పారేస్తారు. నూనె కారకుండా కట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. ఎండుకొబ్బరికి నిప్పంటుకునే గుణం ఉందని పెట్టెలో వేయనివ్వరు. గసగసాలు మాత్రం దుబాయి దారిలో గింజ కూడా పట్టుకెళ్ళకండి! ఆ దేశంలో అవి నిషిద్ధం, మాదకద్రవ్యాల కేసు కిందికి వస్తాయి. మసాలా పొడుల్లో కలిసి ఉన్నాయేమో కూడా చూసుకోండి. పచ్చి కరివేపాకు, మన బియ్యం, మాంసం పచ్చళ్ళు అమెరికాలో రానివ్వరు. తిండి వస్తువులేమున్నా అధికారికి "ఉన్నాయి" అని చెప్పండి. చెప్పి తీయించుకుంటే వస్తువే పోతుంది. దాచిపెట్టి దొరికితే జరిమానా. దారిలో తినడానికి పులిహోర మొదటి విమానంలోనే ముగించి, రెండోదానికి కారప్పూస, చపాతీల్లాంటివి ఉంచుకోండి.

ఇంగ్లీషు రాదని భయపడేవాళ్ళు టికెట్టు కొనేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని రాయించుకుంటున్నారు. దానికి డబ్బు తీసుకోరు, ఒక మనిషి వచ్చి గేటు దాకా దిగబెడతాడు. చక్కగా నడవగలిగినవాళ్ళు అడగడం నాకు నచ్చదు. నిజంగా కాళ్ళు లేవనివాళ్ళు వరసలో ఆగిపోతారు. పిల్లల చేత ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు కాగితం మీద రాయించుకుని ఎయిర్‌హోస్టెస్‌కి చూపిస్తే చాలు, దారి చెబుతారు.

డల్లాస్ విమానాశ్రయం సుమారు 17,000 ఎకరాలు. మన శంషాబాద్ 5,500 ఎకరాలంటేనే అమ్మో అనుకుంటాం! అయినా దుబాయి నుంచి వచ్చేవాళ్ళు కంగారు పడక్కర్లేదు, విదేశీ విమానాలు దిగే టెర్మినల్లో అందరూ పోయే వైపుకే పోతే ఇమ్మిగ్రేషను వస్తుంది. వేరే అమెరికా ఊళ్ళో దిగి డల్లాస్ విమానం మారేవాళ్ళు మాత్రం, ఆ మొదటి ఊళ్ళోనే సామాన్లు తీసుకుని మళ్ళీ అప్పగించాలి. ఎన్నాళ్ళు ఉంటారని అధికారి అడిగితే తిరుగు టికెట్టు తారీకు చెప్పండి.

ఇంటికి చేరాక మొదటి వారం నిద్ర పట్టదు. శరీరం రోజుకి సుమారు గంట చొప్పున కొత్త టైముకి అలవాటు పడుతుందంటారు. డల్లాస్ మనకి పదకొండున్నర గంటల తేడా కదా, అంటే పదీ పన్నెండు రోజులు. పగలు వెలుతుర్లో కాసేపు నడిస్తే, మధ్యాహ్నం నిద్ర అరగంటకి మించనీయకపోతే కాస్త తొందరగా సర్దుకుంటుంది. ఒకవేళ మీరు వెళ్ళేసరికే కాన్పు అయిపోయి ఉంటే మాత్రం తొందరపడి సర్దుకోకండి. అక్కడ రాత్రి 2 గంటలంటే మీ ఒంటికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. పసిబిడ్డ లేచేదీ అప్పుడే. అమ్మాయి పాలిచ్చి పడుకుంటుంది. బిడ్డని భుజానేసుకుని తేన్పు వచ్చేదాకా తిప్పడానికి ఆ ఇంట్లో కళ్ళు తెరుచుకుని ఉన్న మనిషి మీరొక్కరే!